మాట తెలిసీ పలకలేనివారికి

పారిస్ దగ్గర బిసేత్ర్ ఆసుపత్రిలో వెనకటికి ఒక రోగి వుండేవాడు. ఎవరేమి అడిగినా “టాన్, టాన్” అనేవాడు. అంచేత అతని పేరే టాన్ అయి కూర్చున్నది. 1861లో పాల్ బ్రోకా అనే వైద్యుడు అతణ్ని పరీక్షిస్తూ, యిక్కడ ఎన్నేళ్ళనుంచి వున్నావని అడిగాడు. టాన్ చేతి వేళ్ళు అయిదూ నాలుగుసార్లు చాపి, ఆపైన ఒక్క వేలు చూపించాడు. యిరవై ఒకటి! లెక్క సరిపోయింది. అదే ప్రశ్న మూడోసారి వేస్తే మాత్రం కోపం వచ్చి తిట్టాడట. ఆ తిట్టు శుభ్రంగా పలికింది.

నాకీ కథలో ఆ వేళ్ళెంత నచ్చాయో, వాటిని లెక్కపెడుతూ ఓపిగ్గా కూర్చున్న వైద్యుడూ అంత నచ్చాడు.

మెదడులో, సాధారణంగా ఎడమవైపున, రక్తనాళం పూడినా చిట్లినా భాష దెబ్బతినవచ్చు. దీన్ని అఫేసియా అంటారు. నాలుక పడిపోవడం వేరు, భాష పడిపోవడం వేరు. స్టీఫెన్ హాకింగ్‌కు 1985లో గొంతు పోయింది గాని భాష పోలేదు. తెరమీద మాటలు ఏరుకొని యంత్రంచేత పలికించుకొన్నాడు. అఫేసియా వచ్చినవారికి ఆ ఏరుకోవలసిన మాటే అందదు. నోటికి రానిది సాధారణంగా చేతికీ రాదు. “పలక యిస్తాం, రాసి చూపించండి” అనే బంధువుల వుపాయం పారనిది అందుకే. తెలివి మాత్రం ఎక్కడికీ పోదు. పోయిందని మనం అనుకుంటాం, అంతే.

యిటువంటివారికోసం బొమ్మల పలకలు వచ్చాయి. గడికొక బొమ్మ, తాకితే యంత్రం ఆ మాట పలుకుతుంది. యిప్పుడు చేతిలో ఫోనే ఆ పని చేస్తున్నది. బాగానే వున్నది గాని, యింగ్లీషు పలకను తెచ్చి గడిగడికీ తెలుగుమాట అతికిస్తే ఏమవుతుందో, తెలుగుపాఠాలు చెప్పుకునేవాణ్ని గనుక నేను చెప్పగలను. వాళ్ళకు “నో” అనే గడి ఒక్కటి చాలు. మనకు వద్దు, కాదు, లేదు, రాదు — ఎన్ని! “కాఫీ తాగుతారా?” అన్నదానికి రోగి “లేదు” గడి నొక్కాడనుకోండి. యింట్లో కాఫీపొడి అయిపోయిందని చెప్పినట్టా? “నేను”, “నీళ్ళు”, “కావాలి” వరసగా నొక్కితే యంత్రం “నేను నీళ్ళు కావాలి” అంటుంది. “నాకు” అని అనిపించడానికి పలక చేసేవాడికి విభక్తులు తెలియాలి. యిక “నువ్వు” గడి ఒక్కటే పెట్టి వూరుకుంటే, పాపం అల్లుడు మామగారిని ఏకవచనంలో పిలవవలసి వస్తుంది.

చెన్నైలో “ఆవాజ్” అనే పరికరం తయారుచేసిన అజిత్ నారాయణన్ యీ చిక్కును మరోవైపునుంచి పట్టుకొన్నాడు. ఆటిజం వున్న పిల్లలకోసం ఆలోచిస్తూ, మాటలను వరసలో పేర్చడం మానేసి, తినడం అనే బొమ్మ చుట్టూ ఎవరు, ఏమి, ఎప్పుడు అనే ప్రశ్నలు అల్లాడు. జవాబులు బొమ్మల్లో పెడితే వాక్యం యంత్రమే కూరుస్తుంది. 2013లో ఒక ప్రసంగంలో ఆయన దీన్ని వివరించాడు. మన వ్యాకరణంలో కారకాలు చదువుకొన్నవారికి యిది చుట్టరికం వున్న సంగతిలాగే తోస్తుంది.

అయితే అఫేసియావారికి గడులకంటె ఫొటోలు నయమంటారు: తమ యిల్లు, తమ వూరు, తమవాళ్ళు. మా వీథిలో వొక రిటైర్డు తాసీల్దారుగారున్నారు. పక్షవాతం వచ్చి మాట పోయింది. “అవును” ఒక్కటే మిగిలింది. వైద్యం ఖర్చులకు పొలం అమ్ముదామని కొడుకులు అడిగితే “అవును” అన్నారు. అమ్మవద్దా అంటే దానికీ “అవునే”. కాగితాలు తయారయ్యాయి. ఆయన భార్యకు మాత్రం మనసొప్పలేదు. మాట నేర్పే వైద్యురాలు చెప్పినట్టు చేసిందావిడ. చెరువుకింది చేనుకొక ఫొటో, మామిడితోటకొక ఫొటో తీయించి, కింద పెద్ద అక్షరాలతో పేర్లు రాసి, “అమ్ముదాం”, “వుంచుదాం” అనే రెండు చీటీలు పక్కన పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు. చేనుమీద “అమ్ముదాం”, తోటమీద “వుంచుదాం” పెట్టారు. మర్నాడు చీటీల స్థానాలు మార్చి అడిగింది, అదే జవాబు. మూడోనాడు అడిగితే విసుక్కున్నారట.

తోట వుండిపోయింది. యిప్పుడా ఫొటోలన్నీ మనమడు ఫోనులోకి ఎక్కించాడు. మొన్న చూపించాడు నాకు. ప్రతి పేజీలోనూ అడుగున ఒక ఖాళీ గడి వున్నది. యిదేమిట్రా అన్నాను. “తాతయ్య చెప్పాలనుకున్నది యిందులో లేకపోతే అది నొక్కుతారండి,” అన్నాడు. “మేం మళ్ళీ వెతకాలి.”