రాయబారి విందుకు పిలుపు వచ్చినప్పుడు

కువైటులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలలో కొన్నింటికి గణతంత్ర దినం దగ్గర పడేసరికి భారత రాయబార కార్యాలయం నుండి ఒక ఆహ్వాన పత్రం వస్తుంది. జనవరి 26 ఉదయం అక్కడ జెండా ఎగురవేసి, రాష్ట్రపతి సందేశం చదివి వినిపిస్తారు. ఆ కార్యక్రమానికి సామాన్యులూ వెళ్తారు. సాయంకాలపు విందు వేరు. ఆతిథ్య దేశపు పెద్దలు, ఇతర దేశాల రాయబారులు, మనవారిలో పిలుపు అందిన కొందరు మాత్రమే దానికి వెళ్తారు.

పిలుపు అందిన ఇంట సందడి ఇంతా అంతా కాదు. ఇల్లాలు పట్టుచీర బయటికి తీస్తుంది. ఇంటాయన కోటు ఇస్త్రీ చేయిస్తాడు. పత్రంలో పిల్లల మాట లేకపోతే వారిని ఇంటివద్దే ఉంచడం మర్యాద. ద్వారం దగ్గర రాయబారి దంపతులు నిలబడి ప్రతి అతిథినీ పలకరిస్తారు. ఉభయ దేశాల జాతీయ గీతాలు వినిపిస్తారు. పల్లెలో పుట్టి పెరిగిన దంపతులకు ఇది దేవుడిచ్చిన ఘనతే. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ఘనత దేనికి?

అదే కార్యాలయానికి మరో ద్వారమున్నది. కడప, గోదావరి ప్రాంతాల నుండి ఇంటిపనికి వెళ్లిన మన అక్కచెల్లెళ్లు జీతం అందక, దెబ్బలు తాళలేక కట్టుబట్టలతో వచ్చి తట్టే ద్వారమది. వారికి అక్కడ ఆశ్రయమున్నది. 2009లో ఏర్పడిన భారతీయ సంక్షేమ నిధి నుండి దిక్కులేనివారికి వసతి, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, మృతదేహాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు ఇవ్వవచ్చు. కువైటు ప్రభుత్వం 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి వారానికొక సెలవు దినం ఇచ్చింది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదన్నది. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని కూడా చెప్పింది. కాని గడప దాటనివ్వని ఇంట్లో ఉన్న చెల్లికి ఈ సంగతులు ఎవరు చెబుతారు?

1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించినప్పుడు, ఇంజనీరని, పనిమనిషని తేడా లేకుండా అందరూ ఎడారి దాటి జోర్డాను చేరారు. సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి తెచ్చారు. ఆ రోజున ఆహ్వాన పత్రాలను ఎవరూ అడగలేదు.

ఎస్తేరు రాణి రాజుకు విందు చేసింది. ఆ బల్ల దగ్గరే తన జనుల ప్రాణాల కొరకు మనవి చేసింది (ఎస్తేరు 7). మన ప్రభువైతే విందు చేసేటప్పుడు తిరిగి పిలవలేని బీదలను పిలవమన్నాడు (లూకా 14). కాబట్టి రాయబారి విందుకు వెళ్లే క్రైస్తవ కుటుంబం అక్కడ కార్మికుల వ్యవహారాలు చూసే అధికారితో పరిచయం చేసుకోవాలి. ఆయన ఫోను నంబరు అడిగి వ్రాసుకోవాలి. శుక్రవారపు ఆరాధనకు వచ్చే ప్రతి పనివారికీ ఆ నంబరు ఇవ్వాలి. చాలా వారాలుగా కనబడని చెల్లెలి గురించి వాకబు చేయాలి. వారిలో ఒకరినైనా తమ ఇంటి భోజనానికి పిలవాలి.

ఊళ్లో ఉన్న మనకూ పని ఉన్నది. బిడ్డను గల్ఫుకు పంపే తల్లిదండ్రులు పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల నకళ్లు, యజమాని చిరునామా ఇంట్లో భద్రపరచాలి. ఈ కాగితాలు లేకపోతే సహాయం చేయదలచిన అధికారికి కూడా ఆమె జాడ దొరకడం కష్టం. సంఘ కాపరి వెళ్లినవారి పేర్లు వ్రాసుకొని, వారి కొరకు పేరుపేరున ప్రార్థించాలి.

పౌలు తాను సంకెళ్లలో ఉన్న రాయబారినని వ్రాశాడు (ఎఫెసీ 6:20). పరాయి ఇంట మౌనంగా ప్రార్థించుకునే ఆ చెల్లి కూడా క్రీస్తు రాయబారియే. పెద్దల విందులో చోటు దొరికిన వారలారా, ఈ రాయబారిని మరువకండి.