పలక, రాత, మనసు

మనసును పలకతో పోల్చడం తత్వశాస్త్రంలో పాత అలవాటు. బుద్ధి ఏమీ రాయని పలకలాంటిదన్నది అరిస్టాటిల్ పోలిక. 1690 తేదీతో వెలువడిన గ్రంథంలో జాన్ లాక్ దాన్ని తెల్లకాగితమన్నాడు. దానిమీద రాసేది అనుభవమేనన్నాడు. జ్ఞానం పుట్టుకతోనే వస్తుందన్న వాదాన్ని ఎదుర్కోవడానికి ఆ పోలిక పనికొచ్చింది.

తెలుగులో స్థిరపడిన పోలిక వేరు: తలరాత. లాక్‌ది ఖాళీ కాగితం. మనది పుట్టకముందే నిండిన పలక. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. కాని రెండింటిలోనూ మనిషి రాతకు లోనయ్యేవాడే తప్ప రాసేవాడు కాడు. ఇలాంటి పోలిక భాషలో ఇంకిపోయాక, దాన్నే వాస్తవమనుకుంటాం.

వ్యాకరణమూ ఇందుకు తోడ్పడుతుంది. 'రాశాడు' అంటే ఎవరని అడుగుతాం. 'రాసివుంది' అంటే కర్త లేకుండానే వాక్యం పూర్తవుతుంది. పశ్చిమ ప్రకాశంలో భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ మితిమీరిన గ్రామాలున్నాయి. ఎముకలు వంగిపోయిన మనిషి 'మా నుదుట ఇలా రాసివుంది' అంటే, ఆ వాక్యంలో బోరునీళ్లకు చోటు లేదు. మంచినీళ్లివ్వని పాలకులకూ చోటు లేదు.

అలాగని భాష ఆలోచనను పూర్తిగా బంధిస్తుందనడం భావవాదమే అవుతుంది. వోర్ఫ్ పేరుతో ప్రచారమైన ఆ సిద్ధాంతాన్ని దాని తీవ్ర రూపంలో భాషాశాస్త్రజ్ఞులు నేడు అంగీకరించరు. గిద్దలూరులో 'రాసివుంది' అనే నోరే 'నీళ్లెందుకు రావు?' అనీ అడగగలదు. రెండూ తెలుగే. ఏ వాక్యం ముందు నోటికొస్తుందన్నది బతుకునుబట్టి, పోరాటాన్నిబట్టి మారుతుంది.

పలక పోలికకు అసలు జవాబు మార్కాపురంలో వుందని నా అభిప్రాయం. దశాబ్దాలపాటు బడిపిల్లలకు పలకలందించిన ఊరది. అక్కడ పలక ఖాళీగా పుట్టదు. గనిలో రాయి తవ్వాలి, పొరలుగా చీల్చాలి, కోయాలి, నునుపు చేయాలి. ఆ దుమ్ము పీల్చేది కార్మికుడు. అంటే ఖాళీ పలక ఆరంభం కాదు, శ్రమ ఫలితం. మనసూ అంతే. బిడ్డ అక్షరం దిద్దకముందే ఇల్లు, కులం, ఆకలి, తల్లి మాట దాన్ని చెక్కుతూ వుంటాయి. ఆ పనిముట్లలో భాష ఒకటి, అదొక్కటే కాదు.

అందుకే రచయితలకు నా మనవి. 'తలరాత'ను పాత్రల నోటినుంచి తుడిచెయ్యనక్కర్లేదు. అది జనం మాట. కాని ఆ కర్తలేని క్రియ కథకుడి వాక్యంలోకి చొరబడినప్పుడు మాత్రం ఆగి, కర్తను వెతకాలి.