విమానం కూలింది గాలికి కాదు, ఉల్టా తిరిగిన రెక్కకు

చేత్తో విసిరిన రిమోట్ విమానం రెండు సెకన్లు సాఫీగానే పోతుంది. తర్వాత కుడి రెక్క కాస్త కిందికి వాలుతుంది. సరిచేద్దామని పిల్లాడు స్టిక్‌ను ఎడమకు తోస్తాడు. రెక్క ఇంకా వాలుతుంది. ఇంకా గట్టిగా తోస్తాడు, విమానం బోర్లా తిరిగి నేలకు కొట్టుకుంటుంది. ‘గాలి ఎక్కువుంది అమ్మీ’ అని ఇంటికొచ్చి చెబుతాడు. చాలాసార్లు గాలి తప్పేమీ ఉండదు. రెక్క వెనక పలక ఉల్టా కదులుతోంది, అంతే. ఆ సంగతి ఇంట్లో చాప మీద కూర్చున్నప్పుడే ఒక్క నిమిషంలో తెలిసిపోయేది.

పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి వైపు కంపెనీల్లో షిఫ్టు చేసే తండ్రికి ఇది చిన్న విషయం కాదు. రిమోట్, మోటారు, బ్యాటరీ, సర్వోలు అన్నీ కలిపితే నెల ఖర్చులో కనిపించే మొత్తమే. మొదటి రోజే విరిగితే ‘ఇక చాలు, చదువు చూసుకో’ అనే మాట వస్తుంది. కానీ ఇదీ చదువే. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్లను పరీక్షించే టీహాన్ కేంద్రం 2022 జూలైలో మొదలైంది. అక్కడి పనికీ, ఈ ఫోమ్‌బోర్డు విమానానికీ పునాది సూత్రాలు ఒక్కటే.

ముందు పేర్లు. రెక్కల వెనక అంచున కదిలే పలకలు ఎయిలెరాన్లు, ఇవి విమానాన్ని పక్కకు వంచుతాయి. తోకలో అడ్డంగా ఉండేది ఎలివేటర్, ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది. నిలువుగా ఉండేది రడ్డర్, ముక్కును కుడి ఎడమలకు తిప్పుతుంది. ఒక్కో పలకను సర్వో అనే బుల్లి మోటారు సన్నటి తీగతో లాగుతుంది, నెడుతుంది. తోక విలువ పాతకాలం నుంచీ తెలిసిందే. 9వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఖుర్తుబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని ఎగిరి, దిగేటప్పుడు వీపుకు దెబ్బ తగిలించుకున్నారు. తోక పెట్టుకోకపోవడమే కారణమని తర్వాతి కాలపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశారు.

ఏ పరీక్షకైనా ముందు ప్రొపెల్లర్ ఊడదీయాలి. దీనికి మినహాయింపు లేదు. సెట్టింగు చేస్తుంటే మోటారు ఒక్కసారిగా తిరిగితే వేళ్లు తెగుతాయి. మొదట రిమోట్ ఆన్ చేయాలి, ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ పెట్టాలి. ఆపేటప్పుడు ముందు బ్యాటరీ తీయాలి, చివర్లో రిమోట్.

ఇప్పుడు దిశ. విమానం వెనక, తోక వైపు కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు మారిపోతాయి, తప్పులు ఎక్కువగా అక్కడే పుడతాయి. స్టిక్ కుడికి తోస్తే కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. ఎలివేటర్ స్టిక్‌ను మన వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. రడ్డర్ స్టిక్ కుడికంటే పలక వెనక అంచు కుడికి జరగాలి. ‘కుడికి తిరగాలంటే కుడి పలక కిందికి దిగాలి కదా’ అని చాలామంది అనుకుంటారు. కాదు. పైకి లేచిన పలక ఆ రెక్కను కిందికి నొక్కుతుంది, విమానం అటు వాలుతుంది. ఏదైనా ఉల్టా కదిలితే రిమోట్‌లో రివర్స్ ఆప్షన్ ఉంటుంది, ఆ ఛానెల్ ఒక్కటీ మార్చితే చాలు.

అసలు తలనొప్పి రెండు ఎయిలెరాన్లూ ఒకేసారి పైకి లేచినప్పుడు. రెండు సర్వోలను వై ఆకారపు వైరుతో ఒకే ఛానెల్‌కు కలిపితే రెండూ ఒకే వైపు తిరుగుతాయి. అందుకే వాటిని రెక్కల్లో ఒకదానికి ఒకటి అద్దంలో బొమ్మలా బిగించాలి. ఒకటి తలకిందులైతే రెండు పలకలూ కలిసి లేస్తాయి. రివర్స్ నొక్కితే కలిసి దిగుతాయి, పని జరగదు. సర్వోను తీసి సరిగా బిగించాలి. లేదా రెండింటినీ వేరు ఛానెళ్లకు పెట్టి, మిక్సింగ్‌లో ఒక్కదాన్నే రివర్స్ చేయాలి.

ఈ పొరపాటు పిల్లలకే జరుగుతుందనుకుంటే తప్పు. 1947 ఆగస్టు 23న ఇంగ్లండ్‌లో ఆవ్రో ట్యూడర్ విమానం ఎయిలెరాన్ల కేబుళ్లు తారుమారు కావడంతో కూలింది, ప్రసిద్ధ డిజైనర్ రాయ్ చాడ్విక్ అందులోనే చనిపోయారు. 2018 నవంబర్ 11న పోర్చుగల్‌లో మరమ్మతు పూర్తయి బయల్దేరిన ఎయిర్ అస్తానా జెట్‌లోనూ ఇదే తప్పు. నేల మీద చేసిన చెక్‌లో కూడా ఎవరి కంటా పడలేదు. గాల్లో నానా అవస్థ పడి చివరికి బేజాలో దించారు.

దిశ తర్వాత సెంటర్. ఓపిక ఎక్కువ కావాల్సింది ఇక్కడే. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు రిసీవర్ సర్వోకు పంపే పల్స్ సుమారు 1500 మైక్రోసెకన్లు. ముందు రిమోట్‌లో ట్రిమ్, సబ్‌ట్రిమ్ అన్నీ సున్నాకు తేవాలి. సర్వోకు కరెంటు ఇచ్చి, అది మధ్యకు వచ్చాకే ఆర్మ్‌ను స్క్రూతో బిగించాలి. ఆర్మ్ తీగకు 90 డిగ్రీల్లో నిలబడాలి. లోపల పళ్లు ఉంటాయి కాబట్టి సరిగ్గా కుదరకపోవచ్చు. అప్పుడు ఆర్మ్‌ను తిప్పి పెట్టి చూడాలి. మిగిలిన వంకరను తీగ చివరి క్లెవిస్‌ను మరలు తిప్పి సరిచేయాలి. ఇంకా వెంట్రుకవాసి తేడా ఉంటేనే సబ్‌ట్రిమ్.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఆర్మ్ వంకరగా బిగించి రిమోట్‌లో ట్రిమ్ మొత్తం ఒక పక్కకు లాగేస్తారు. ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పు రాసి, చివర్లో సర్దుబాటు ఎంట్రీతో లెక్క కలిపినట్టు ఉంటుంది ఇది. పైకి బాగానే కనిపిస్తుంది. కానీ సర్వో ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ కదులుతుంది. గాల్లో అవసరమైన రోజు ట్రిమ్ మిగిలి ఉండదు.

కదలిక ఎంత ఉండాలన్నది విమానం ప్లాన్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది. పలక వెనక అంచు దగ్గర స్కేలు పెట్టి కొలవాలి. ఎక్కువైతే తీగను సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రానికి, లేదా పలక మీది హార్న్‌లో బయటి రంధ్రానికి మార్చాలి. అలా చేస్తే బలం కూడా పెరుగుతుంది. రిమోట్‌లోనే సగానికి తగ్గిస్తే సర్వో కదలికలో నాణ్యత పోతుంది. స్టిక్ చివరిదాకా తోసినప్పుడు సర్వో జుయ్ మని ఏడుస్తుంటే ఏదో అడ్డుపడుతోందన్నమాట. అలాగే వదిలేస్తే కరెంటు ఎక్కువ లాగి రిసీవర్ మధ్యలో ఆగిపోవచ్చు. వేలితో పలకను కదిపి చూడాలి. వదులుగా ఆడితే తీగ రంధ్రం పెద్దదైనట్టే, వేగంలో పలక టపటపా కొట్టుకుంటుంది.

ఎక్స్‌పో గురించి ఒక్క మాట. స్టిక్ మధ్యలో చురుకు తగ్గించడానికి కొన్ని కంపెనీల రిమోట్‌లలో ప్లస్, కొన్నింటిలో మైనస్ పెట్టాలి. యూట్యూబ్ చూసి గుడ్డిగా అంకె వేయకూడదు.

ఇవన్నీ సరిగా ఉన్నా ఎలివేటర్ పిచ్చిగా స్పందిస్తుంటే బరువు చూడాలి. సాధారణ ట్రైనర్‌కు రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి 25-30 శాతం దగ్గర వేళ్ల మీద నిలబడాలి. తోక బరువైతే ఏ సెట్టింగూ కాపాడదు.

ఎక్కడ ఎగరేయాలన్నది కూడా ముఖ్యమే. ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉన్నాయి. 2021 డ్రోన్ నిబంధనలు మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. కంటికి కనిపించేంత దూరంలోనే నడపాలి, గ్రీన్ జోన్‌లో 400 అడుగులు దాటకూడదు. ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో ఆ చోటు రంగు చూసుకోవాలి. హైటెన్షన్ తీగలు, హైవే, పిల్లలు ఆడే మైదానం వద్దు. ఫజర్ తర్వాతి గంటలో గాలి తక్కువ, జనమూ తక్కువ.

విసిరే ముందు తోక వెనక నిలబడి మూడు స్టిక్కులూ మళ్లీ ఒకసారి కదిపి చూడాలి. పక్కనున్న తమ్ముడో దోస్తో ‘కుడి, పైన’ అని గట్టిగా చెబితే ఇంకా మంచిది. మొదటిసారి దిగాక, గాల్లో ఎంత ట్రిమ్ వాడారో చూసుకుని, అంత మేరకు క్లెవిస్ తిప్పి, ట్రిమ్‌ను మళ్లీ సున్నాకు తెచ్చి రెండోసారి ఎగరేయాలి.