కాదనడం కూడా నేర్పాలి

మన పిల్లలు ఇంగ్లీషులో ఏం చెప్పగలరు? పేరు చెబుతారు, ఊరు చెబుతారు, నాన్న ఏం చేస్తాడో చెబుతారు. బట్టీ పట్టిన పది వాక్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. అక్కడ ఆపి, 'ఈ కథలో రాజు చేసిన పని నీకు నచ్చిందా?' అని అడిగి చూడండి. ఠక్కున ఆగిపోతారు. పక్కవాళ్ళ మొహం చూస్తారు. ఇంగ్లీషు మాటలు దొరక్క అనుకుంటాం గానీ, అదే ప్రశ్న తెలుగులో అడిగినా చాలామంది తీరు అదే. 'నీకేమనిపించింది?' అన్న ప్రశ్నే వాళ్ళకి కొత్త.

నరసరావుపేటలో సాయంత్రం పూట మా వీధి పిల్లలు ఎనిమిదిమంది మా వరండాలో చేరి చదువుకుంటారు. మూడో తరగతి వాళ్ళ నుంచి ఏడో తరగతి వాళ్ళ దాకా ఉన్నారు. మన ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పుస్తకాలొచ్చాయి. 2023-24లో టోఫెల్ శిక్షణ కూడా ఇచ్చారు. మరోపక్క 2020 నాటి జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి వరకు వీలైనచోట మాతృభాషలోనే బోధించమంది. ఏ మాధ్యమం మంచిదన్న చర్చ పెద్దలు చేస్తూనే ఉన్నారు. ఏ మాధ్యమమైనా సరే, తన అభిప్రాయం తాను చెప్పడం బిడ్డకు రావాలి కదా! నా తాపత్రయమంతా దాని గురించే.

మన 'అవును' వేరు, వాళ్ళ 'యస్' వేరు

అవుననడం, కాదనడం తేలికే అనుకుంటాం. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 'నిన్న నువ్వు బడికి రాలేదా?' అంటే తెలుగులో 'అవునండీ, రాలేదు' అంటాం. మీరన్నమాట నిజమే అని మన 'అవును'కి అర్థం. ఇంగ్లీషులో అలా కాదు. రాకపోతే 'నో, ఐ డిడింట్', వస్తే 'యస్, ఐ డిడ్'. మన పిల్లేమో తెలుగులో ఆలోచించి 'యస్' అని ఊరుకుంటుంది. వచ్చానంటోందనుకుని అవతలివాళ్ళు అబద్ధమాడావని కేకలేస్తారు. మా వరండా పిల్లల్లో ఒకమ్మాయికి బడిలో సరిగ్గా ఇదే జరిగింది. రెండు రోజులు నోరు విప్పలేదు పాపం.

'నేను కూడా' అన్నదీ ఇలాంటిదే. 'నాకు కాకరకాయ ఇష్టం' అన్నా, 'ఇష్టం లేదు' అన్నా మనం 'నాకూ అంతే' అంటాం. ఇంగ్లీషులో ఇష్టమైతే 'మీ టూ', ఇష్టం లేకపోతే 'మీ నైదర్'. ఇక 'అనుకుంటున్నాను' అన్నదాన్ని పిల్లలు ఉన్నదున్నట్టు 'ఐ యామ్ థింకింగ్' చేసేస్తారు. అభిప్రాయం చెప్పేటప్పుడు 'ఐ థింక్' అంటే చాలు. 'వాన రాదనుకుంటా' అనాలంటే ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా 'ఐ డోంట్ థింక్ ఇట్ విల్ రెయిన్' అంటారు. మనం రాకపోవడాన్ని వానకి తగిలిస్తాం, వాళ్ళు కాదనడాన్ని అనుకోవడానికి తగిలిస్తారు. ఇలా రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టి చెబితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. 'తప్పు, తప్పు' అని నెత్తిన మొడితే మాత్రం మళ్ళీ మాట్లాడరు.

'అండీ' లేని భాషలో మర్యాద

పెద్దవాళ్ళని కాదనాలంటే మనకు 'అండీ' ఉంది, 'గానీ' ఉంది, 'ఏమో' ఉంది. 'మీరన్నది నిజమేనండీ, కానీ...' అంటే ఎవరికీ కోపం రాదు. ఇంగ్లీషులో 'అండీ' లేదు. ఆ పనిని వాక్యమే చెయ్యాలి. 'యస్, బట్...' అనీ, 'ఐ యామ్ నాట్ సో ష్యూర్' అనీ, 'ఐ సీ వాట్ యూ మీన్, బట్...' అనీ మొదలుపెడతారు. ఇవి నేర్పకపోతే పిల్లలకు మిగిలేది ఒక్క 'నో', లేదంటే 'యూ ఆర్ రాంగ్'. 'యూ ఆర్ రాంగ్' అంటే మనిషినే తప్పుపట్టినట్టుంటుంది. 'ఐ డోంట్ ఎగ్రీ' అంటే ఆ మాటతోనే పేచీ, మనిషితో కాదు. ఈ తేడా పెద్దవాళ్ళం మనకీ పనికొస్తుంది.

నాగమ్మది తప్పా?

అభిప్రాయం చెప్పించడానికి మా పల్నాడులో కథలకి కొదవా? నేను పల్నాటి యుద్ధం కథే ఎత్తుకున్నాను. గురజాల పక్షాన నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్ళు రాజ్యం వదిలి వెళ్ళడం, చివరికి కారెంపూడి యుద్ధం పిల్లలకు తెలిసినవే. 'నాగమ్మ చేసింది తప్పా?' అని అడిగాను. 'తప్పే' అని అందరూ ఒక్కసారే అరిచారు. ఎందుకమ్మా అంటే, 'అందరూ అంటారుగా' అన్నారు.

అప్పుడు తెలుగులోనే రెండు మాటలు చెప్పాను. 'నాగమ్మ చెడ్డదట' అంటే విన్నమాట. 'నాగమ్మది తప్పనుకుంటాను, ఎందుకంటే...' అంటే సొంతమాట. ఇంగ్లీషులో మొదటిది 'దే సే', రెండోది 'ఐ థింక్... బికాజ్'. ఇక చూడండి! పందెంలో రాజ్యం పెట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి ఇద్దరిదీ తప్పేనని ఒకడు. మగవాళ్ళు మంత్రులైతే తెలివి, ఆడమనిషైతే కుట్రా అని ఏడో తరగతి అమ్మాయి. ఆ పిల్ల అంతకుముందు నోరెత్తి ఎరగదు.

ఇంగ్లీషు బోధనలో పేరున్న ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు దక్షిణాది బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. బెంగళూరు ప్రాజెక్టు అంటారు దాన్ని. వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకుండా, పిల్లలకేదైనా పని ఇచ్చి, ఆ పనిలోంచే భాష వచ్చేట్టు చేశారు. సమాచారం అందించుకునేవి, తర్కించి తేల్చేవి, అభిప్రాయం చెప్పేవి అని ఆ పనుల్ని మూడు రకాలు చేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ తరగతిలో బాగా పనికొచ్చినవి తర్కించేవేనని ఆయన అనుభవం. అందుకే నేను వట్టి 'నచ్చింది, నచ్చలేదు'తో సరిపెట్టను. వెనకాల 'బికాజ్' రావాల్సిందే. కారణం వెతుక్కుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

మూడు చోట్ల ఆట

ఆట రూపంలో ఇంకా సులువు. వరండాకి ఒక చివర 'ఎగ్రీ', రెండో చివర 'డిజెగ్రీ', మధ్యలో 'నాట్ ష్యూర్'. ఒక వాక్యం చెబుతాను. ఎవరికి తోచినచోట వాళ్ళు నిలబడి ఒక్క కారణం చెప్పాలి. అవతలివాళ్ళ మాట నచ్చితే అటు వెళ్ళిపోవచ్చు. అలా మారినవాళ్ళని గేలి చెయ్యకూడదు. 'కోటప్పకొండ తిరునాళ్ళకు మూడు రోజులు సెలవివ్వాలి', 'అబ్బాయిలూ అన్నం వండటం నేర్చుకోవాలి', ఇలాంటి వాక్యాలు.

ఒకరోజు 'మిరపకాయ కోతలకని పిల్లల్ని బడి మాన్పించకూడదు' అన్నాను. ఒక పిల్ల మధ్యలో నిలబడింది. 'కోతకెళితే డబ్బులొస్తాయి ఆంటీ, లెక్కలు పోతాయి' అంది. ఇద్దరం కలిసి 'ఐ గెట్ మనీ, బట్ ఐ మిస్ మ్యాథ్స్' అని కూర్చాం. వ్యాకరణం మాటెలా ఉన్నా, ఆ పిల్ల బతుకులో ఉన్న చిక్కంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఆడపిల్లలకి మరీ అవసరం

తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పన్నెండో అధికరణం చెబుతోంది. 1992లో మన దేశమూ ఒప్పుకుంది. మరి మన ఇళ్ళల్లో? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో సుమారు 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళయింది. వాళ్ళలో ఎంతమందిని 'నీకిష్టమేనా?' అని అడిగి ఉంటారు? అడిగినా, పదిహేనేళ్ళు 'నీకేం తెలుసు, ఊరుకో' అనిపించుకున్న పిల్లకి ఆ రోజు హఠాత్తుగా 'ఇష్టం లేదు' అనే ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? పిల్ల కాదంటే చాలదు, వినే పెద్దలూ ఉండాలి. ఆ వినడం ముందు చిన్నచిన్న విషయాల్లో అలవాటవ్వాలి.

దీనికి మీకు ఇంగ్లీషు రానక్కర్లేదు. 'కూర బాగుందా?' అని అడక్కండి, 'ఊఁ' అని వెళ్ళిపోతారు. 'ఏం తక్కువైంది? ఎందుకలా అనిపించింది?' అని అడగండి. మధ్యలో తప్పులు దిద్దకండి. మాట పూర్తయ్యాక సరైన వాక్యం మీరోసారి అనండి, చాలు. కాదన్నప్పుడు 'ఎదురు చెబుతున్నావా?' అని గదమాయించకుండా 'ఎందుకు?' అనండి. కారణం బాగుంటే ఒప్పుకోండి, బాగోకపోతే మీ కారణం మీరు చెప్పండి. ఇంట్లో తెలుగులో 'ఎందుకంటే' అనడం అలవాటైన పిల్లకి, బడిలో 'బికాజ్' అనడం ఏమంత కష్టం కాదు.