సంఘ భవనములకు ఏర్ కండిషనింగు: ఎట్టి యంత్రము, ఎంత యంత్రము

మన పరపతి సంఘములలో పెక్కింటికి నేడు సొంత భవనములు గలవు. ముందు నగదు చెల్లింపు గది, ప్రక్కన ఎరువుల విక్రయశాల, వెనుక విత్తనముల కొట్టు, మేడమీద సర్వసభ్య సమావేశమునకొక పెద్ద హాలు: సాధారణముగ గానవచ్చు కట్టడమిది. వేసవియందు లోపల కూర్చుండుట దుర్భరమగుటచే పాలకవర్గములవారు ఏర్ కండిషనింగు యంత్రములను, అనగా వాడుకమాటలో ఏసీలను, పెట్టింప నుద్దేశించుచున్నారు. ఇది విలాసమని కొందఱు సభ్యులు ఆక్షేపింతురు. మేమట్లనుకొనము. ఎండలో దూరమునుండి వచ్చి వరుసలో నిలుచు రైతునకును, దినమెల్ల కంప్యూటరు నెదుట లెక్కలు చూచు గుమాస్తాకును చల్లని చోటు కావలసినదే. కాని యంత్రమును కొనునది సభ్యుల వాటాధనముతో. దానిని నడుపుటకు నెలనెల చెల్లింపవలసినది వ్యాపార రేటున కరెంటు బిల్లు. కొన్ని యేండ్లలోనే ఈ బిల్లులు యంత్రపు వెలను మించును. అందుచే పై రెండు ప్రశ్నలను దుకాణదారునకు వదలక సంఘమువారే విచారించుకొనవలసియున్నది.

మొదట యంత్రము చేయు పనిని తెలిసికొందము. ఏసీ చల్లదనమును పుట్టింపదు. లోపలి వేడిని ఎత్తి బయట పాఱబోయును. మోటారు బావినీటిని తోడి కాలువలో పోసినట్లే. ఆ తోడుటకు కొలత టన్ను. ఈ మాట విని అది యంత్రపు బరువని పలువురు భ్రమపడుదురు. మంచుగడ్డలతో గదులను చల్లపఱచిన కాలమున పుట్టిన కొలత యిది. అమెరికావారి చిన్న టన్ను, అనగా ఇంచుమించు 907 కిలోల మంచు, 24 గంటలలో కరగుటకు ఎంత వేడిని పీల్చుకొనునో అంత వేడిని అదే వేగమున తీసివేయు శక్తి ఒక టన్ను. నేటి లెక్కలో నది మూడున్నర కిలోవాట్లు. మంచి యంత్రమైనచో ఇంత వేడిని తోడుటకు ఇంచుమించు ఒక కిలోవాటు కరెంటు చాలును.

అయితే వేడియొక్కటియే మన శత్రువు కాదు. ఈ యంత్రము పుట్టిన కథయే దీనికి సాక్ష్యము. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్ నగరమున ఒక ముద్రణాలయమువారికి వేసవిలో చిక్కు వచ్చినది. గాలిలోని తేమను పీల్చి కాగితము సాగుటయు, ఆఱి ముడుచుకొనుటయు జరుగుచుండుటచే ఒక రంగుమీద నింకొక రంగు సరిగా పడకుండెను. విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు చల్లని గొట్టములమీదుగ గాలిని పంపి అందలి తేమను నీటిబొట్లుగా మార్చి తీసివేయు ఏర్పాటును రూపొందించెను. నేటి ఏర్ కండిషనింగునకు మూలమదియే. మనుష్యుల సుఖముకంటె ముందు కాగితపు తేమయే దీనికి కారణమైనదన్నమాట. కాకినాడ, మచిలీపట్టణము ప్రాంతములవారికి ఈ సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు. వారిని బాధించునది ఎండకంటె ఉక్క. థర్మామీటరు 34 చూపుచున్నను చెమట ఆఱకపోవుటచే ప్రాణము విసుగును.

ఇందుండియే మేము ముఖ్యముగ జెప్పదలచిన మాట వచ్చుచున్నది. ఉక్క ప్రాంతములలో యంత్రము చాలకపోవుటకంటె మితిమీఱి పెద్దదగుట యెక్కువ కీడు. దుకాణదారుడు ఇన్ని చదరపు అడుగులకొక టన్నని గుడ్డిలెక్క చెప్పి, పైని మఱియొక టన్ను "ఉండనీయండి" అనును. అంత పెద్ద యంత్రము గదిని కొలది నిమిషములలో చల్లపఱచి కంప్రెసరును ఆపివేయును. గాలిలోని తేమ గొట్టములపై బొట్లుగట్టి కాఱుటకు వ్యవధి చాలదు. కాఱక మిగిలిన తడి, పంకా తిరుగుచుండుటచే మరల గదిలోనికే ఆవిరియై చేరును. గది చల్లగనేయుండును గాని చెమ్మగా, ముక్కవాసనగా నుండును. గోడ మూలల బూజు పట్టును. రసీదు పుస్తకములు మెత్తబడును. అప్పుడు గుమాస్తాలు ఇంకను చల్లపఱుపవలెనని మీట 18కి త్రిప్పుదురు, బిల్లు పెరుగును, చెమ్మ తగ్గదు. వేగమును తగ్గించుకొని నిదానముగ నడువగల ఇన్వర్టరు ఏసీ ఈ దోషమును కొంతవఱకు తీర్చును. అదియును తన కనిష్ఠ వేగముకంటె తక్కువకు దిగజాలదు గావున మితిమీఱిన కొలత దానికిని తగదు.

కావున గదిలోనికి వేడి యెందుండి యెంత వచ్చుచున్నదో లెక్కవేయవలెను. కూర్చున్న మనుష్యుని శరీరమునుండి నూఱు వాట్లకు కొంచెము పైగా వేడి వెలువడును. అందులో గణనీయమైన భాగము చెమట, ఊపిరిల తేమ రూపమున నుండును. హాలులో 200 మంది సభ్యులు కూర్చున్నచో వారి వేడియే 23 కిలోవాట్లు, అనగా ఆఱున్నర టన్నులు. ఇక కప్పు. వేసవి మధ్యాహ్నమున మిద్దెమీద చదరపు మీటరునకు ఇంచుమించు వేయి వాట్ల ఎండ పడును. నల్లబడిన కాంక్రీటు అందులో పెద్దభాగమును త్రాగి సాయంకాలమంతయు గదిలోనికి దించును. తెల్లని పూత పూసిన కప్పు ఆ యెండలో నధికభాగమును ఆకాశమునకే త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమొకటి ప్రకటించినది ఇందుకొఱకే. మన పెద్దలు వేసవి ముంగిట మిద్దెకు సున్నము కొట్టించుట యెఱుగనిది గాదు. పూత మాసినచో గుణము తగ్గును గనుక ఏటేట కడిగించి, అవసరమైనచో మరల పూయింపవలెను. నేడు కొన్ని సంఘములు కప్పుమీద సౌర ఫలకములు పెట్టించుచున్నవి. కరెంటుతోబాటు నీడయు లాభమే.

అద్దముల సంగతి చెప్పక తీఱదు. బస్తీ దుకాణములను చూచి మన సంఘములును ముందు గోడనంతయు అద్దముతో కట్టుట మరిగినవి. భవనము పడమటి ముఖమైనచో పది చదరపు మీటర్ల మామూలు అద్దము సాయంకాలపు టెండలో ఒకటిన్నర టన్ను వేడిని లోనికి విడుచును. ఒక అద్దపు గోడకొఱకు ఒక ఏసీ నిత్యము పనిచేయవలెనన్నమాట. బయట వెడల్పైన వరండాయో, వట్టివేళ్ళ తడికయో ఉన్న యా వేడి లోనికి రాకముందే ఆగును. లోపల కట్టిన తెర ఎండ గదిలో ప్రవేశించిన తరువాత నడ్డగించును గావున దాని ప్రయోజన మల్పము. కప్పునకు పూత, పడమట నీడ, తలుపుల సందులకు రబ్బరు పట్టీలు: ఈ మూడింటిని ముగించిన పిమ్మటనే టన్నుల లెక్కకు దిగవలెను. పలుచోట్ల యంత్రపు సంఖ్యయే తగ్గును.

ఇప్పుడు యంత్రముల జాతులు. అన్నిటికంటె చవుకైనది నీటి కూలర్. ఇది అనంతపురమున మేలు, కాకినాడలో కీడు. ఏలయన కూలరు నీటిని ఆవిరిచేసి గాలిని చల్లార్చును. పొడిగాలి ఆవిరిని ఆశగా పీల్చును, తడిగాలి పీల్చదు. దీనిని పరీక్షించుటకు ఇంజనీరు అక్కఱలేదు. రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెంటిని నీడలో పంకాగాలికి పెట్టుడు. వేసవి మధ్యాహ్నమున గాలి వేడి 40 డిగ్రీలు, తేమ 20 శాతమైనచో తడిగుడ్డది 23కు దిగువ చూపును. మంచి కూలర్ 26 డిగ్రీల గాలినీయగలదు. వేడి 36, తేమ 60 శాతమైనచో తడిగుడ్డది 29కి పైననే నిలుచును. ఆ కూలర్ 31 డిగ్రీల తడిగాలిని మాత్రమే యిచ్చును, గది ఉడుకును. రెండు థర్మామీటర్లకు నడుమ 12 డిగ్రీలకు మించి భేదమున్న ప్రాంతములవారు పెద్ద హాలునకు కూలర్లతో సరిపెట్టుకొనవచ్చునని మా యభిప్రాయము. ఏడాదికి రెండుమాఱులు మాత్రమే నిండు హాలునకు పది టన్నుల ఏసీ పెట్టించి, దానికొఱకు ట్రాన్స్‌ఫార్మరును పెంచి, నెలనెల లోడు చార్జీలు కట్టుట మాకు సమ్మతము గాదు. తీరప్రాంతమువారు సైతము ఆ సమావేశమును ఉదయపు వేళకు మార్చుకొని పంకాలతో జరుపుకొనుట మేలు.

నగదు గదికి, కార్యదర్శి గదికి విడివిడి స్ప్లిట్ యంత్రములే యుక్తము. ఒకటి చెడినను రెండవది నడచును. బాగుచేయువాడు మండల కేంద్రమున దొరకును. పది పదునైదు గదులుండి వేఱువేఱు వేళల వాడుకొను భవనములకు, బయట నొక్కటే కంప్రెసరు పెట్టెయుండి గదిగదికి కావలసినంత గ్యాసు పంపు వీఆర్ఎఫ్ పద్ధతి కలదు. అది కరెంటును పొదుపుచేయును గాని వెల యధికము, మరమ్మతు తెలిసినవారు పట్టణములలోనే యుందురు. ఆసుపత్రుల వంటి పెద్ద భవనములలో నీటిని చల్లపఱచి అంతటికి పంపు చిల్లర్లు మన జోలికి రావు. ఒక్కమాట మాత్రము: నీటి గోపురముతో వేడిని వదలు పద్ధతిలో టన్నుకు గంటకు ఆఱేడు లీటర్ల నీరు ఆవిరియగును. బోర్లు ఎండు గ్రామమున పది టన్నుల యంత్రమునకు దినమునకు ఎనిమిది గంటలకు 500 లీటర్లు అర్పించుటకు ముందు ఆలోచింపవలెను.

ఏ పద్ధతి మేలను తగవు మాటలతో తీఱునది కాదు. రైతు క్రొత్త వంగడమును నమ్ముటకు ముందు ఒకే మడిని రెండుగా చీల్చి పాతది ఒకవైపు, క్రొత్తది ఒకవైపు నాటి చూచును. హైదరాబాదు శివారున పోచారమందలి ఇన్ఫోసిస్ సంస్థవారు 2011లో వాడుకకు వచ్చిన భవనమున సరిగా నీ పనియే చేసిరి. భవనపు రెండు సగములును కట్టుబడిలో ఒకటే. ఒక సగమున చల్లని గాలిని గొట్టములద్వారా పంపిరి. రెండవ సగమున కాంక్రీటు కప్పులో పొదిగిన సన్నని గొట్టములలో చల్లని నీటిని పాఱించిరి. నీటి సగమునకు ఇంచుమించు 34 శాతము తక్కువ కరెంటు పట్టినది. ఒకే పరిమాణమున నీరు గాలికంటె మూడువేల రెట్లకు పైగా వేడిని మోయగలుగుటయే ప్రధాన కారణము. ఇందు గమనింపదగినదేమన, ఆ సగమున బయటి గాలిలోని తేమను వేఱుగ ముందే తీసివేయుదురు. లేనిచో చల్లని కప్పు చెమర్చి బల్లలమీద బొట్లు రాలును. చల్లదనము వేఱు, తేమ తీయుట వేఱు అని తెలిసికొని రెంటికి రెండు ఏర్పాట్లు చేసినందుననే ఆ పద్ధతి సాగినది.

ఈ భేదము విత్తనముల కొట్టులో ప్రాణప్రశ్న. అమెరికా విత్తనశాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన సూత్రముల ప్రకారము విత్తనపు తేమ ఒక శాతము తగ్గిన దాని ఆయుష్షు రెట్టింపగును. కొట్టు వేడి 5 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గినను రెట్టింపగును. ఫారెన్‌హీటులో వేడిని, శాతములో గాలి తేమను కూడగా వచ్చిన మొత్తము నూటికి లోబడియుండుట మేలనియు నాతని మాట. మామూలు ఏసీ గది 25 సెంటీగ్రేడు, అనగా 77 ఫారెన్‌హీటు, తేమ 55. మొత్తము 132! కావున ఏసీ పెట్టినంత మాత్రమున విత్తనము భద్రమనుట పొరపాటు. తేమ తీయు యంత్రము వేఱుగ కావలెను. పైగా రాత్రులు ఏసీని ఆపివేసినచో గది వేడెక్కి చెమ్మ జొచ్చును, పగలు మరల చల్లబడును. విత్తనము ఈ ఆటుపోట్లలో చివుకును. చల్లని కొట్టులోని బస్తాను ఉక్కలోనికి తెచ్చి వెంటనే విప్పినను దానిపై తడి పట్టును. దినమంతయు నడుపగల స్తోమతు లేని సంఘము వేరుసెనగ కాయను 9 శాతము తేమకు దిగువకు, వడ్ల విత్తనమును 12 శాతమునకు ఆఱబెట్టించి, గాలి చొరని సంచులలో మూతిబిగించి, నీడ కొట్టులో నుంచుట ఏసీకంటె నమ్మకమైన పద్ధతి. మొలక చెడిన విత్తనమువలన నష్టపడునది ఒక్క సంఘము గాదు, ఆ యూరి పంటకాలమంతయును. ఎరువులకు ఏసీ అనవసరము. యూరియా చెమ్మకు గడ్డకట్టును గనుక చల్లని గదికి దానికి నడుమ తలుపు లేకుండుట మంచిది.

కొనునప్పుడు చూడవలసినవి మఱి రెండు. నక్షత్రముల గుర్తు ఏ సంవత్సరపుదో చదువవలెను. ఆ పట్టికను అప్పుడప్పుడు బిగించుచుందురు గావున పాత అయిదు నక్షత్రములు క్రొత్త అయిదుతో సమానము గావు. రెండవది గ్యాసు. ఆర్-22 అను పాత గ్యాసు ఓజోనుపొరకు చేటని 2030 నాటికి తొలగింపబడవలసియున్నది. ఆ గ్యాసుతో నడచు పాత యంత్రము చవుకగా వచ్చినను వలదు. నేడు విరివిగ వచ్చు ఆర్-32 కొంచెము మండు గుణము గలది గనుక అమర్చుటకు, గ్యాసు నింపుటకు శిక్షణ పొందినవానినే పిలువవలెను. నక్షత్రపు గుర్తుగల గది ఏసీలు 2020 జనవరినుండి 24 డిగ్రీలవద్ద మొదలగునట్లు కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరోవారు నియమించిరి. డిగ్రీ పెంచినకొలది ఇంచుమించు 6 శాతము కరెంటు మిగులునని వారి యంచనా. నెమ్మదిగ తిరుగు పంకాతో 26 వద్ద కూర్చున్న గుమాస్తాకు కొఱత యేమియు నుండదు.

యంత్రము పెట్టించిన పిమ్మట, పూర్తి సొమ్ము చెల్లించుటకు ముందు, వానకాలపు ఉక్కదినమొకటి ఎన్నుకొని చల్లని పెట్టెనుండి వచ్చు నీటిగొట్టము క్రింద బాల్చి నుంచుడు. ఒకటిన్నర టన్ను యంత్రము సరిగా పనిచేయుచున్నచో గంటకు లీటరు మొదలు రెండు లీటర్లవఱకు నీరు పడవలెను. గది చల్లబడియు బాల్చి అడుగు మాత్రమే తడిసియున్నచో కొలత మితిమీఱినదో, గాలి వేగము హెచ్చినదో పెట్టినవానిని పిలిపించి అడుగవలెను. ఈ పరీక్షను ఒప్పందములోనే వ్రాయించుకొన్నచో వాడు రాక తప్పదు.