వరి పూతపై ఉష్ణ ఒత్తిడి: జన్యు నియంత్రణ పాత్ర

వరి పుష్పం విచ్చుకొని ఉండేది సుమారు ఒక గంట. ఆ వ్యవధిలోనే పరాగకోశాలు పగిలి, పుప్పొడి కీలాగ్రంపై రాలి మొలకెత్తాలి. ఆ సమయంలో ఉష్ణోగ్రత గంటసేపు 35 డిగ్రీల సెల్సియస్ దాటినా గింజ తాలుగా మిగిలే ప్రమాదం ఉంది. అదే మొక్క ఆకులు అంతకన్నా ఎక్కువ వేడిలోనూ పచ్చగానే ఉంటాయి. రెండు అవయవాలలోనూ ఉన్నది ఒకే జన్యురాశి కనుక, ఈ అంతరానికి కారణాన్ని జన్యువుల నియంత్రణలో వెతకాలి.

సాధారణ స్థితిలో హీట్ షాక్ అనులేఖన కారకాలను హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 వంటి చాపరోన్ ప్రొటీన్లు నిష్క్రియంగా పట్టి ఉంచుతాయి. వేడికి కణంలోని ప్రొటీన్ల ఆకృతి చెదరగానే చాపరోన్లు వాటివైపు మళ్లుతాయి. అప్పుడు విడుదలైన కారకాలు మూడేసి కలిసి, రక్షక జన్యువుల ప్రమోటర్లకు బంధితమై అనులేఖనాన్ని ప్రారంభిస్తాయి. వరిలో ఇటువంటి కారకాల జన్యువులు 25 ఉన్నాయి. ఆకులో చురుకుగా సాగే ఈ ప్రతిస్పందన పరిపక్వమైన పుప్పొడిలో బలహీనం. మొక్కజొన్నలో ఇది చాలాకాలం క్రితమే గుర్తించిన విషయం. కాబట్టి పుప్పొడి తన రక్షణను చాలావరకు పరాగకోశంలో ఉండగానే సమకూర్చుకోవాలి. చిరుపొట్ట దశ ఇందుకే కీలకం. సూక్ష్మసిద్ధబీజాలను పోషించే టపెటం పొర నిర్ణీత సమయంలోనే నశించాలి. దానిని నడిపే అనులేఖన కారకాల క్రమం వేడికి తప్పితే పుప్పొడి వంధ్యమవుతుంది. ఈ దృష్టితో చూస్తే, నారు ఆకుల ఆర్‌ఎన్‌ఏను మాత్రమే పరిశీలించి ఒక రకాన్ని ఉష్ణసహనం గలదిగా నిర్ధారించడం సమంజసం కాదు.

ఫలదీకరణం జరిగాక కూడా ప్రమాదం తొలగదు. అంకురచ్ఛదంలోని కేంద్రకాల చుట్టూ కణకవచాలు ఏర్పడే సమయాన్ని నియంత్రించే వాటిలో ఓఎస్‌మాడ్స్87 జన్యువు ఒకటి. ఒక మోస్తరు వేడికి ఆ ప్రక్రియ ముందే ముగిసి గింజ చిన్నదవుతుంది. తీవ్రమైన వేడికి అది జరగకుండానే పోవచ్చు. గింజ పాలుపోసుకునే దశలో పిండిపదార్థాన్ని నిర్మించే జన్యువుల వ్యక్తీకరణ తగ్గుతుంది, దానిని విచ్ఛిన్నం చేసే ఆల్ఫా అమైలేజ్ జన్యువుల వ్యక్తీకరణ పెరుగుతుంది. ఫలితంగా గింజ సుద్దలా తెల్లబారి పెళుసవుతుంది. తెలంగాణ యాసంగి ధాన్యాన్ని పచ్చిబియ్యంగా ఆడించినప్పుడు నూక ఎక్కువగా రావడానికి ఎండల్లో గింజ ముదరడమే కారణమన్నది తెలిసిందే. ఉప్పుడు బియ్యంపై సాగే చర్చకు జీవశాస్త్ర నేపథ్యం కొంత ఇక్కడ ఉంది.

ప్రజననానికి ఆధారాలు లేకపోలేదు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన నగీనా 22 రకంలో, పూత దశలో తాలును తగ్గించే ప్రాంతాన్ని 4వ క్రోమోజోముపై 2012లో గుర్తించారు. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి గ్రహించిన మరో ప్రాంతం ఐఆర్64 రకంలో పుష్పాలు విచ్చుకునే వేళను ఒకటిన్నర నుంచి రెండు గంటలు ముందుకు జరిపింది. ఈ రెండవది సహనం కాదు, తప్పించుకోవడం. నా దృష్టిలో క్షేత్రస్థాయిలో త్వరగా అక్కరకు వచ్చేది ఇదే. అయితే అది పూత గంటను మాత్రమే కాపాడుతుంది. చిరుపొట్టలోని టపెటానికీ, వేడి రాత్రుల్లో నిండే గింజకూ వేరే జన్యువులను చేర్చవలసి ఉంటుంది.