ఒక్క స్కోరు చూసి వీపీఎస్ కొనొద్దు

రెండు కోర్లు, నాలుగు జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. ఇద్దరు ప్రొవైడర్లు ఇదే ప్లాన్‌ని ఒకే ధరకి ఇస్తున్నారు అనుకోండి. మన క్లబ్ సైట్ కోసమో, మైనర్ ప్రాజెక్ట్ కోసమో ఏది తీసుకోవాలి? బెంచ్‌మార్క్ రన్ చేసి ఎక్కువ స్కోరు వచ్చినదాన్ని తీసుకుంటే సరిపోతుంది అనిపిస్తుంది. కానీ సరిపోదు.

వీపీఎస్ అంటే మొత్తం మెషీన్ కాదు. ఒక పెద్ద సర్వర్‌ని హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ముక్కలు చేసి, అందులో ఒక ముక్క మనకి ఇస్తుంది. చవక ప్లాన్లలో ఒకే కోర్‌ని ఒకరికి మించి అమ్ముతారు, అందరూ ఒకేసారి వాడరు అన్న లెక్కతో. అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు లాంటిదే ఇది. రాత్రి పదకొండింటికి కుళాయి తిప్పితే ధారగా వస్తుంది, పొద్దున ఎనిమిదింటికి సన్నగా కారుతుంది. రాత్రి ఒక్కసారి బకెట్ నింపి చూసి "ఈ బిల్డింగ్‌లో నీళ్ళకి లోటు లేదు" అంటే ఎలా?

ఈ విషయం లినక్స్ మనకి చెప్తుంది. టాప్ కమాండ్ కొడితే సీపీయూ లైన్ చివర్లో 'ఎస్‌టీ' అని ఒక అంకె ఉంటుంది. అదే స్టీల్ టైమ్. మన పని రెడీగా ఉన్నా, హైపర్‌వైజర్ సీపీయూని వేరేవాళ్ళకి ఇచ్చినందువల్ల మనం వెయిట్ చేసిన సమయం అది. స్కోరుతో పాటు దీన్ని కూడా రాసి పెట్టుకోవాలి.

కొన్నిచోట్ల పక్కవాళ్ళతో సంబంధం లేకుండానే స్పీడ్ మారుతుంది. అమెజాన్ టీ2 మైక్రోలో గంటకి 6 సీపీయూ క్రెడిట్లు వస్తాయి. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం ఫుల్ స్పీడ్. క్రెడిట్లు అయిపోతే మిగిలేది 10 శాతమే. రెండు నిమిషాల టెస్ట్‌లో ఇది అస్సలు కనపడదు.

డిస్క్ దగ్గర ఇంకో తిరకాసు. డీడీ కమాండ్‌తో ఊరికే ఒక ఫైల్ రాస్తే, లినక్స్ ఆ డేటాని ముందు ర్యామ్‌లో పెట్టుకుని పని అయిపోయింది అనేస్తుంది. మనం కొలిచింది డిస్క్‌ని కాదన్నమాట. ఫియో అనే టూల్‌ని డైరెక్ట్ మోడ్‌లో, 4 కేబీ ర్యాండమ్ రీడ్-రైట్‌తో రన్ చేస్తే డేటాబేస్ చేసే పనికి దగ్గరగా ఉంటుంది.

నెట్‌వర్క్‌లో మాత్రం కొంత భాగం ఫిజిక్సే తేల్చేస్తుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2,00,000 కి.మీ. వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 7,000 కి.మీ. వెళ్ళి రావడానికే కనీసం 70 మిల్లీసెకన్లు. ఎంత డబ్బు పెట్టినా ఇది తగ్గదు.

మరి ఎలా పోల్చాలి? ముందు వెర్షన్ ఒకటే ఉండాలి. గీక్‌బెంచ్ 5లో 1000 అంటే కోర్ ఐ3-8100 స్థాయి. గీక్‌బెంచ్ 6లో 2500 అంటే కోర్ ఐ7-12700 స్థాయి. రెండు వెర్షన్ల స్కోర్లు పక్కపక్కన పెట్టడం వేస్ట్. తర్వాత, ఒకే టెస్ట్‌ని పొద్దున, సాయంత్రం, రాత్రి, ఒక వారం పాటు రన్ చేయండి. మొదటి సర్వర్‌కి 900, 880, 400 వచ్చాయి, రెండోదానికి 700, 690, 700 వచ్చాయి అనుకుందాం. యావరేజ్ చూస్తే మొదటిదే గెలుస్తుంది. నేనైతే రెండోదే తీసుకుంటాను. ఎందుకంటే ఫెస్ట్ రిజిస్ట్రేషన్లు ఓపెన్ అయిన సాయంత్రం సైట్ నడవాల్సింది ఆ 400 మీదే కావచ్చు.

చివరిగా ఒక మాట. మనం టెస్ట్ పెట్టినంతసేపు పక్కవాళ్ళకి స్టీల్ టైమ్ పెంచేది మనమే. అందుకే టెస్టులు చిన్నవిగా, గ్యాప్ ఇచ్చి పెట్టుకోండి. ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయో తెలుసుకోవడానికి ట్యాంకు ఖాళీ చేయక్కర్లేదు కదా!